తుప్పు లేని తుప్పురాయుడు

కట్టుడు పళ్ళు చేసే మనిషికి ఎవరి నవ్వునూ పూర్తిగా నమ్మే యోగం ఉండదు. ఎదుటివాళ్ళు మనసారా నవ్వుతూ ఉంటే, ఆ పైవరస సొంతమా, చేయించుకున్నదా, చేయించుకున్నదైతే తన చేతిపనా, పక్కవీధి ల్యాబువాళ్ళదా అని చూస్తూ ఉంటాడు. ఆ పనిలోనే జుట్టు నెరిసిన ఒకాయనకి 'తీర్పుగారు' అని పేరు పడింది. పళ్ళ విషయంలో కాదు. అక్కడ ఆయనకి పేరంటూ లేదు, పళ్ళసెట్టు పెట్టిచ్చే సంచీ మీద డాక్టరు పేరే అచ్చవుతుంది. ఈ పేరు కామిక్సుల దగ్గర వచ్చింది.

వారమంతా ఆయన బతుకు ఒక బల్ల ముందే. ల్యాబు మొదటి అంతస్తులో ఉంది. సగం మెట్లెక్కేసరికే చెప్పుల కింద ప్లాస్టరు పొడి కరకరలాడుతుంది. డాక్టర్లు పంపిన నోటి అచ్చులు అరల్లో బారులు తీరి, అందరూ ఒకేసారి ఏదో అడగబోయి ఆగినట్టు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఆయన వాటిమీద మైనం పరిచి, మైనంలో ఒక్కో పన్నునీ నిలబెట్టి, కాస్త వెనక్కి జరిగి, ఒంటికన్నుతో చూసి, మళ్ళీ సరిచేస్తాడు. సాయంత్రానికి కనుబొమలు తెల్లబడతాయి. ఇంటికి వెళ్ళగానే భార్య గుమ్మంలోనే ఆపేసేది.

"అక్కడే దులుపుకుని రండి. ఇంట్లో ఇంకో విగ్రహం పెట్టుకునే చోటు లేదు."

విగ్రహం అనడంలో ఆవిడ ఉద్దేశం దుమ్ము ఒక్కటే కాదు. ఆయన మొహంలో ఏదీ కనబడదు. సంతోషమైనా, కోపమైనా, కడుపునొప్పైనా ఒకటే మొహం. ఈ లోటే ఆదివారం నాడు ఆయనకి గొప్పతనంగా మారిపోయేది.

బస్టాపు వెనక సందులో, దర్జీకొట్టుకీ మారుతాళాలు చేసేవాడికీ మధ్య, మెట్ల కింద ఇరుక్కుని ఒక కామిక్సు కొట్టు ఉంది. లావుపాటి కొట్టాయన లోపలికి వెళ్ళాలంటే ముందు ఒకరు బయటికి రావాలి. ఆదివారం పొద్దున అక్కడ నాలుగు మడతస్టూళ్ళు వేసేవారు. ఒకటి కొట్టాయనది. ఒకటి అంబులెన్సు నడిపే డ్రైవరుది. ఒకటి బళ్ళో లెక్కలు చెప్పే టీచరమ్మది. గోడవారగా, వెలుగు పడేచోట ఉన్నది తీర్పుగారిది.

కొత్త కామిక్ వస్తే దాని ప్లాస్టిక్ తొడుగు ఆయన రాకముందు చింపకూడదు. అది అక్కడి కట్టడి. ఆయన వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, బొటనవేలి గోటితో తొడుగు చీల్చి, మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా ఒక్కమాట లేకుండా చదివేవాడు. మిగతా ముగ్గురూ ఆ మొహంలోకి చూసేవారు. అందులో ఏమీ దొరకదని తెలిసీ చూసేవారు. అట్ట మూశాక తీర్పు. తీర్పులు మూడే. బాగుంటే 'దాచుకో'. పరవాలేదనిపిస్తే 'చదివి ఇచ్చెయ్'. లేకపోతే 'చెట్టు దండగ'. మూడోది విన్నప్పుడల్లా కొట్టాయన గుండె మీద చెయ్యి వేసుకునేవాడు.

"ఒరేయ్, నా కొట్లో కూర్చుని, నా స్టూలెక్కి, నా సరుకునే తిడతావా? కాస్త మెల్లిగా అనరా, గిరాకీ గుమ్మంలో ఉంది."

"గుమ్మంలో ఉన్నాడనే గట్టిగా అన్నాను."

ఆ మొండితనం వల్లే ఆయన మాటకి విలువ. వేరే పేటల నుంచి కూడా కుర్రకారు వచ్చి, పుస్తకం చేతిలో పట్టుకుని, "తీర్పుగారు ఏమన్నారు?" అని అడిగి మరీ కొనేవారు. ఆ మనిషికి ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అదే. అమ్ముడుపోని నాలుక.

ఆయన ప్రాణమంతా తుప్పురాయుడి మీద ఉండేది. క్షవరశాలలో వంతు కోసం కూర్చున్న చిన్నతనంలో, అట్ట ఊడిన పుస్తకంలో మొదటిసారి చూశాడు వాణ్ణి. తుప్పురాయుడు రేవులో మూటలు మోసే కూలీ. ఏదో ప్రమాదంలో ఒళ్ళంతా ఇనుమైపోతుంది. మునిగే పడవని ఒంటిచేత్తో లాగగలడు. కానీ బలం వాడిన ప్రతిసారీ వాడికి తుప్పు పడుతుంది. పడవని లాగితే భుజం పట్టేస్తుంది. మంటల్లోంచి మనుషుల్ని తెస్తే మెడ తిరగదు. ఓసారి గొలుసుని పంటితో పట్టి ఆపినందుకు ముందుపన్ను సగం విరిగింది. అప్పట్నుంచీ నవ్వొస్తే చేత్తో నోరు మూసుకుంటాడు. వాడి పక్కింట్లో బట్టలు కుట్టుకునే ఒకావిడ ఉంటుంది. వాడు ఇంటికి రాగానే కుట్టుమిషను నూనెసీసా పట్టుకొచ్చి కీళ్ళకి పోస్తూ తిడుతుంది. "ఇవాళెవర్ని ఉద్ధరించావురా? మోచెయ్యి మళ్ళీ బిగిసిపోయింది." పాఠకులు ఆవిణ్ణి నూనెసీసా అక్క అనేవారు.

పాత చిత్రకారుడు గీసిన ఆఖరి కథలో వరద వస్తుంది. తుప్పురాయుడు తూము తలుపుని రెండు చేతులా ఎత్తిపట్టి నిలబడతాడు. ఊరు బతుకుతుంది. వాడు అలాగే బిగుసుకుపోతాడు, ఇక కిందికి దిగలేడు. ఊళ్ళోవాళ్ళు మెల్లిగా వాణ్ణి చూడటం మానేస్తారు. ఆఖరి బొమ్మలో నూనెసీసా అక్క నిచ్చెన ఎక్కుతూ ఉంటుంది. జుట్టు తెల్లబడింది. సగంలో ఆగి, ఒక చేత్తో మోకాలు పట్టుకుని ఉంది. అంతే. కింద ఒక్క అక్షరం లేదు.

తీర్పుగారు తన జీవితంలో 'దాచుకో' అన్నవి చాలా తక్కువ. ఆ పుస్తకానికి అదీ అనలేదు. ఊరుకున్నాడు. అదే పెద్ద తీర్పని టీచరమ్మ తర్వాత చెప్పేది.

ఆ తర్వాత ఆ ప్రచురణ సంస్థ ఓ పెద్ద కంపెనీ చేతికి పోయింది. పెద్ద కంపెనీ చేసిన మొదటి పని మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టడం. ఒకే కథని అయిదు అట్టలతో వేశారు. ఏ అట్ట కొన్నా లోపల అదే నాసిరకం. ఇప్పటి పాఠకులకి తుప్పు నచ్చదని సర్వేలో తేలిందట, అందుకని హీరోకి తళతళలాడే వెండిరంగు పూశారు. తర్వాత సినిమా అన్నారు. సినిమాకి ముందు ట్రైలరు అన్నారు. ట్రైలరుకి ముందు టీజరు. టీజరు ఫలానా రోజున వస్తుందని చెప్పడానికి ఇంకో బుల్లి టీజరు. హీరో తెల్లటి పళ్ళతో నవ్వుతున్న మొదటి ఫోటో బయటికి వచ్చిన నాడు తీర్పుగారు ల్యాబు నుంచి పళ్ళరంగుల మచ్చు పట్టీ తెచ్చి, డ్రైవరు ఫోను పక్కన పెట్టి చూశాడు. తెలుపులో ఎన్ని రకాలున్నాయో అన్నీ ఆ పట్టీ మీద గుచ్చి ఉంటాయి.

"ఈ రంగు ఇందులో లేదు," అన్నాడు. "మనిషి నోట్లో ఉండే రంగు కాదిది. వాష్‌బేసిన్ రంగు."

డ్రైవరు పగలబడి నవ్వి ఫోనులో రికార్డింగు నొక్కాడు. "గురూగారూ, మళ్ళీ చెప్పండి. మొత్తం చెప్పండి."

ఆయన మొత్తం చెప్పాడు. "వీళ్ళకి తుప్పు అంటే ఏమిటో అర్థం కాలేదు. అది వాడి జబ్బు కాదు. మంచి చేసినందుకు వాడి ఒంట్లోంచి పోయేది. ఏమీ పోకుండా మంచి చేసేవాడిని మనం చదవడం దేనికి? వాడు మనకంటే అదృష్టవంతుడు, అంతేగా. వాడికి జేజేలు కొట్టడానికి నేనెందుకు?" ఆ మాటలు అనేటప్పుడు కూడా మొహం ప్లాస్టరు అచ్చులానే ఉంది. అదే జనానికి నచ్చింది. ఆ వీడియో చేతులు మారి మారి చివరికి సినిమా కంపెనీదాకా పోయింది.

కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. తేనె పూసిన గొంతు. "సార్, మాకు భజన చేసేవాళ్ళు అక్కర్లేదు. మీలాంటి నిజమైన అభిమానులు కావాలి. విడుదలకి ముందే సినిమా చూపిస్తాం. చూశాక కెమెరా ముందు మీ అభిప్రాయం చెప్పాలి. ఒక్క షరతు. సినిమా విడుదలయ్యేదాకా బయట ఎవరికీ ఏమీ చెప్పకూడదు. మాటివ్వాలి సార్."

"నేను చెప్పేదాన్ని మీరు మార్చకూడదు."

"మీ మాట ఒక్కటీ మార్చం సార్. నాదీ హామీ."

ఆదివారం స్టూళ్ళ మీద పెద్ద చర్చ జరిగింది.

"మెత్తబడకండి," అంది టీచరమ్మ. "వాళ్ళు చల్లటి గదిలో కూర్చోబెట్టి, సార్ సార్ అంటారు. మా బళ్ళో తనిఖీకి వచ్చేవాళ్ళ సంగతి నాకు తెలుసు. బిస్కట్లు తినేలోగా సగం తప్పులు కనబడటం మానేస్తాయి."

"ఆయన బిస్కట్లు తినరు," అన్నాడు డ్రైవరు.

"తిననివాడికి ఇంకేదో పెడతారు."

"నా నోటికి ఎవరూ తొడుగు చెయ్యలేరు," అన్నాడు తీర్పుగారు. ముగ్గురూ నవ్వారు. వాళ్ళ తరఫున, పాత తుప్పురాయుణ్ణి చదివిన వాళ్ళందరి తరఫున, ఎదురుగా కూర్చుని చెప్పడానికి ఒక మనిషి వెళ్తున్నాడని వాళ్ళకి గర్వంగా ఉంది. ఆయనకి ఇంకా గర్వంగా ఉంది. ల్యాబులో పళ్ళు అమర్చుతూ మనసులో ఉపన్యాసం అమర్చుకున్నాడు. ఇస్త్రీచొక్కా జేబులో రంగుల పట్టీ పెట్టుకుని మరీ వెళ్ళాడు.

అద్దాల భవనంలో చిన్న హాలు. ఎర్ర సీట్లు. గుమ్మంలో ఫోన్లు తీసేసుకున్నారు. బిస్కట్లు ఉన్నాయి, ఆయన తినలేదు. కెమెరా ఎక్కడా కనబడలేదు. అదంతా తర్వాత కదా అనుకున్నాడు. ముందు సీటు వీపులో శనగగింజంత నల్లటి కెమెరా కన్ను ఒకటి ఉందని, చీకట్లో కూడా అది చూడగలదని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

సినిమా మొదలైంది. ఎగిరిపోయే భవనాలు, కూలిపోయే వంతెనలు, పేలిపోయే కార్లు. తీర్పుగారు చేతులు కట్టుకుని, తప్పులు ఒక్కొక్కటే మనసులో గుదిగుచ్చుకుంటూ కూర్చున్నాడు. విరిగిన పన్ను లేదు, సరే. రేవు లేదు, సరే. నూనెసీసా అక్క ఎప్పుడొస్తుందా అని చూశాడు. రాలేదు. సగం అయింది, రాలేదు. ఆఖర్లో వరద వచ్చింది. హీరో తూము తలుపు ఎత్తాడు. వెండి పూత మీద మొదటిసారి తుప్పు పాకింది. చేతులు బిగుసుకున్నాయి, మోకాళ్ళు బిగుసుకున్నాయి. ఆయన సీట్లో ముందుకి జరిగాడు. ఇప్పుడు రావాలి. నిచ్చెన వెయ్యాలి. ఇంతలో ఆకాశంలోంచి హీరో తల్లి గొంతు వినిపించింది. ఒక వెలుగు దిగింది. తుప్పంతా పెంకుల్లా రాలిపోయి, వాడు కొత్త గిన్నెలా మెరుస్తూ, కడిగిన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ గాల్లోకి లేచాడు.

నూనెసీసా అక్క లేదు. పక్కకి తప్పించడం కాదు, పుట్టనే లేదు. ఆ లోకంలో అలాంటి మనిషి ఎప్పుడూ నిచ్చెన ఎక్కలేదు.

ఏమైందో ఆయనకీ తెలీదు. చెంపల మీద తడి తగిలాక గాని తను ఏడుస్తున్నట్టు తెలీలేదు. మామూలు ఏడుపు కాదు, పెదవులు వంకర్లు పోయి, చిన్నపిల్లల ఏడుపు. చీకటే కదా, ఎవరు చూస్తారని ఆపుకోలేదు కూడా.

తర్వాత దీపాల ముందు కుర్చీ వేశారు. ఆయన మొహం కడుక్కుని వచ్చి, రంగుల పట్టీ తీసి చూపించి, అనుకున్నదంతా అన్నాడు. ఒక్కటీ మర్చిపోలేదు. "చెట్టు దండగ అనేవాణ్ణి," అన్నాడు చివర్లో. "దీనికి చెట్లు నరకలేదు కాబట్టి ఏమనాలో తెలీడం లేదు." అమ్మాయి తలూపుతూ విని, "సూపర్ సార్," అంది.

ఇంటికొచ్చాక నోరు కట్టేసుకున్నాడు. మాట ఇచ్చాడు కదా. ఆదివారం ముగ్గురూ ఎంత గిల్లినా "విడుదల కానివ్వండి" అన్నాడు తప్ప ఇంకోమాట లేదు. వాళ్ళకీ అది ముచ్చటగానే అనిపించింది.

ప్రకటన ముందు చూసింది ఆయన భార్య. ఆవిడ కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతుంది. మధ్యాహ్నం పక్కసీటు ఆవిడ "ఇది మీవారు కదూ?" అని ఫోను చూపించిందట. సాయంత్రం ఆయన గుమ్మంలో దుమ్ము దులుపుకుంటూ ఉండగా తనూ చూపించింది. ముందు హీరో మెరుస్తూ లేచాడు. వెంటనే తెరనిండా తీర్పుగారి మొహం. వంకర్లు పోయిన పెదవులు, చెంపల మీద ధారలు, వెనక వయొలిన్లు. కింద పెద్ద అక్షరాలు: 'ఒక నిజమైన అభిమాని కన్నీళ్ళు.' ఆయన మాట ఒక్కటి కూడా లేదు. కాబట్టి ఒక్కటీ మార్చలేదు.

"మీకు ఏడుపు వచ్చని నాకిన్నాళ్ళూ తెలీదు," అంది ఆవిడ.

ఆయన ఇంకోసారి చొక్కా దులుపుకున్నాడు.

"మా నాన్న పోయిన రోజు మీరు వరండాలో కూర్చుని, ఆయన పళ్ళసెట్టు ఎవరికివ్వాలని అడిగారు."

"అది నేను చేసింది. అందుకని అడిగాను."

"అవును. అందుకనే అడిగారు." ఆవిడ గొంతులో కోపం లేదు. కోపమైతే ఆయనకి అలవాటే. "అంత బాగుందా ఆ సినిమా?"

"చెప్పకూడదు."

"నాక్కూడానా?"

"ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"బాగుంది. లోకానికంతటికీ ఏడ్చి చూపించొచ్చు. నాకు నోటితో చెప్పకూడదు." ఫోను బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళింది. తీర్పుగారు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

కంపెనీ అమ్మాయికి ఫోను చేశాడు. ఆ పిల్ల సంబరపడిపోయింది. "సార్, ఎంత బాగా వచ్చారో చూశారా? ఎడిటింగులో అందరికీ మీరే ఇష్టం."

"అమ్మా, నేను ఏడ్చింది సినిమా నచ్చక. బాధతో."

"అదే కదా సార్ కావాల్సింది. ఫీల్."

"అది తీసేయించు."

"సార్, బస్టాపులకి కూడా వెళ్ళిపోయింది," అంది, ఆయనకి శుభవార్త చెప్తున్నట్టు.

నిజమే, బస్టాపుకి వచ్చేసింది. ల్యాబుకి వెళ్ళే దారిలో తన మొహం కిందే నిలబడి తను బస్సు ఎక్కాల్సి వచ్చింది. ల్యాబులో పళ్ళకి పాలిష్ పట్టే అమ్మాయి చక్రం ఆపి, "బాబాయ్, మీ పైవరస ఎడమ పక్కన కాస్త అరిగింది. పోస్టర్లో బాగా తెలుస్తోంది," అంది. ఆ పిల్ల ఒక్కతే దాన్ని పనికొచ్చే చూపుతో చూసింది.

ఆ ఆదివారం కొట్టుకి వెళ్ళేసరికి నాలుగు స్టూళ్ళూ వేసే ఉన్నాయి. పలకరింపులూ ఉన్నాయి. కానీ టీచరమ్మ ఒళ్ళో కొత్త కామిక్ తెరిచి ఉంది. చింపిన ప్లాస్టిక్ తొడుగు నేలమీద పడి ఉంది. ఆయన దానివైపు చూశాడు. ఆవిడ పేజీ తిప్పింది.

"ఆలస్యం అవుతుందేమో అనుకున్నాం," అన్నాడు కొట్టాయన. ఆయన ఏనాడూ ఆలస్యంగా రాలేదు.

"బిస్కట్లు బాగున్నాయా?" అంది టీచరమ్మ తలెత్తకుండా.

డ్రైవరు ఇబ్బందిగా కదిలాడు. "గురూగారూ, ఒక్కమాట చెప్పండి, చాలు. వాళ్ళేదో మాయ చేశారని చెప్పండి. నేను నమ్ముతాను."

చెప్పేస్తే పోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తను ఇచ్చిన మాట తనే తప్పితే ఇక తన దగ్గర మిగిలేదేమిటి అనుకున్నాడు ఆ పిచ్చిమనిషి. అవతలివాళ్ళు మాటని ఏం చేశారో చూశాక కూడా అలా అనుకున్నాడు. "విడుదల కానివ్వండి," అన్నాడు.

"అవుతుందిగా," అంది టీచరమ్మ. "మీ పుణ్యమా అని హాళ్ళు నిండుతాయి."

ఆ తర్వాత విడుదలదాకా ఆయన కొట్టువైపు వెళ్ళలేదు. ఆదివారాలు ఇంట్లోనే కూర్చుని, చదివిన పేజీనే మళ్ళీ చదివాడు. భార్య రెండుసార్లు ఏదో అడగబోయి మానేసింది. ఆయన మాత్రం ఒక్కదాన్నే పట్టుకుని ఉన్నాడు. సినిమా బయటికి వస్తుంది. నోటి తాళం తీస్తారు. వాళ్ళు ముగ్గురూ చూస్తారు. ఆ వెండి పూత చూస్తారు, అక్క లేకపోవడం చూస్తారు. అప్పుడు ఆ కన్నీళ్ళు దేనికో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. టీచరమ్మ ఏమంటుందో, తను ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు. ఎక్కువ సాధించకూడదు, ఒక్క ముక్క అని ఊరుకోవాలి అనుకున్నాడు.

విడుదలైన ఆదివారం పొద్దున్నే బయల్దేరాడు. సందు మలుపులోంచే కొట్టాయన గొంతు వినిపించింది. ఆయన్ని చూడగానే ముగ్గురూ లేచి నిలబడ్డారు. డ్రైవరు ఎదురొచ్చి గట్టిగా వాటేసుకున్నాడు.

"క్షమించండి గురూగారూ. మేం మిమ్మల్ని అనుమానించాం."

తీర్పుగారి గుండె మీద నుంచి పెద్ద బండ ఒకటి దిగిపోయింది. "చూశారన్నమాట," అన్నాడు.

"ముగ్గురం కలిసి చూశాం," అంది టీచరమ్మ. ఆవిడ కళ్ళు మెత్తగా ఉన్నాయి. "నాదే తప్పు. అమ్ముడుపోయారని అన్నాను, మీ వెనకాల. కానీ ఆఖర్లో వాళ్ళమ్మ గొంతు వినిపించి, ఆ తుప్పంతా రాలిపోతుంటే, నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అప్పుడు తెలిసింది మీరెందుకు ఏడ్చారో."

"నేనైతే మళ్ళీ ఇవాళ సాయంత్రం వెళ్తున్నా," అన్నాడు డ్రైవరు.

బండ ఎక్కణ్ణుంచి దిగిందో సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చుంది. తీర్పుగారు స్టూలు మీద కూలబడ్డాడు.

"నేను ఏడ్చింది అందుకు కాదు. అక్క లేదని ఏడ్చాను."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. వెక్కిరింపు చూపులు కావు. అదే వచ్చిన చిక్కు.

"తుప్పురాయుడికి అమ్మే లేదు కామిక్‌లో," అన్నాడు ఆయన. "నిచ్చెన ఎక్కే మనిషి స్థానంలో ఆకాశవాణి పెట్టారు. తుప్పు ఊరికే రాలిపోతే ఇక వాడు పోగొట్టుకున్నదేముంది? ఆ బొమ్మ, ఆఖరి బొమ్మ, మోకాలు పట్టుకున్న బొమ్మ మీకు గుర్తు లేదా?"

"ఎందుకు లేదు?" అంది టీచరమ్మ అనునయంగా. "ఇన్నేళ్ళూ అది తలుచుకుని బాధపడ్డాం కదా. ఇప్పుడైనా వాడు కిందికి దిగాడు. దిగితే బాగుండునని మీకూ అనిపించే ఉంటుంది."

"లేదు."

"ఒప్పుకోవోయ్," అన్నాడు కొట్టాయన. "మేం ఎవరికి చెప్తాం? బస్టాపులో ఎలాగూ ఉంది."

"గురూగారికి సిగ్గు," అన్నాడు డ్రైవరు ముద్దుగా.

ఆయన వాదించాడు. సన్నివేశం సన్నివేశం విడదీసి చెప్పాడు. కెమెరా ముందు ఏమన్నాడో వరసగా చెప్పాడు, రంగుల పట్టీ సంగతితో సహా. ఆయన గొంతు పెంచే కొద్దీ వాళ్ళ మొహాల్లో జాలి పెరిగింది. తిట్టినా బాగుండేది. టీచరమ్మ ఆయన చేతిమీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"తీర్పుగారూ, ఇంటిలెక్క చేశావా అంటే పిల్లలు చేశాననే అంటారు. నేను మాట వినను, మొహం చూస్తాను. మీ మొహంలో ఏదీ కనబడదు కాబట్టి ఇన్నాళ్ళూ మీ మాటే విన్నాం. ఇప్పుడు కనబడింది. మేం ఏం చెయ్యమంటారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కొట్టాయన లోపలికి దూరి సినిమా సందర్భంగా వేసిన కొత్త కామిక్ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. తొడుగు చింపలేదు. "నీకోసమే ఉంచాం. నువ్వు రాకుండా ముట్టుకోకూడదని మళ్ళీ అనుకున్నాం."

వాళ్ళు ప్రేమగా చూస్తున్నారు. ఆయన బొటనవేలి గోటితో తొడుగు చీల్చాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివాడు. ఒక్క పేజీ దాటెయ్యలేదు. అట్ట మూసి తిప్పేసరికి వెనక అట్టమీద, 'ఒక నిజమైన అభిమాని కన్నీళ్ళు' అన్న పెద్ద అక్షరాల కింద, తను ఏడుస్తున్నాడు. రంగులు బాగానే అచ్చయ్యాయి.

"చెట్టు దండగ," అన్నాడు.

కొట్టాయన గుండె మీద చెయ్యి వేసుకోలేదు. గట్టిగా నవ్వాడు. డ్రైవరూ నవ్వాడు. గుమ్మంలో ఒక జంట నిలబడి ఉంది. పుస్తకం తీసుకోవాలా వద్దా అన్నట్టు చూస్తున్నారు. "తీసుకోండి, తీసుకోండి," అన్నాడు కొట్టాయన రెండు కాపీలు అందిస్తూ. "ఆయన అలాగే అంటారు. మనసు వెన్న."

ఆ భార్య పుస్తకం తిప్పి చూసి, స్టూలు మీది మనిషిని చూసి, భర్త మోచెయ్యి గిల్లింది. అతను మొహమాటంగా ముందుకొచ్చాడు.

"సార్, మీరే కదా ఆ ఏడ్చినాయన? మా ఆవిడకి మీరంటే చాలా ఇష్టం. ఒక్క ఫోటో సార్."

తీర్పుగారు వద్దనేలోపు ఆవిడ వచ్చి పక్కన నిలబడి పుస్తకం గుండెకి ఆనించి పట్టుకుంది. భర్త ఫోను ఎత్తి, సిగ్గుపడుతూ అడిగాడు.

"ఏమనుకోకపోతే, సార్, కాస్త ఆ మొహం పెట్టండి. పోస్టర్లోది."

"పెట్టను," అన్నాడు ఆయన.

కానీ అతను అప్పటికే ఫోటో తీసేసుకుని, తెరమీద చూసుకుని, భార్యకి చూపిస్తున్నాడు. "అచ్చం అలాగే వచ్చారు సార్," అన్నాడు, కృతజ్ఞతగా.